బాతుల కర్టెన్ వెనక మూడో నంబర్

హాలిఫాక్స్‌లో ఆ ఏడాది తెలుగు స్టూడెంట్లు ఎంతమంది దిగారంటే, యూనివర్సిటీ వైపు వెళ్లే బస్సు ఎక్కి "ఒరేయ్" అని ఒక్క కేక వేస్తే కనీసం నలుగురు వెనక్కి తిరిగేవారు. ఆ నలుగురిలో ముగ్గురు డేటా అనలిటిక్స్ అయ్యుండేవారు. నాలుగోవాడు వచ్చే టర్మ్‌లో దానికే మారదామని చూస్తుండేవాడు. టెలివిజన్ చరిత్ర చదవడానికి సముద్రాలు దాటి వచ్చింది మాత్రం సిద్దిపేట ధాత్రి ఒక్కతే. ఈ కోర్సు సంగతి మొదటిసారి విన్నప్పుడు వాళ్ల నాన్న, "టీవీ చూసుడు నేర్సుకోనీకి గంత దూరం పోవాల్నా బిడ్డా?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడా అంటే లేదు, వచ్చిపోయే ప్రతి చుట్టానికీ చెప్పి మరీ నవ్వుకున్నాడు.

ఆ కోర్సులో మేడమ్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది. పాతకాలపు టీవీ కార్యక్రమం ఒకటి ఎంచుకోవాలి. దాన్ని మన మనుషుల మధ్య మళ్లీ ఆడించాలి. ఏం మారిందో, ఏం మారలేదో రాయాలి. నలభై శాతం మార్కులు దీనికే.

ధాత్రి లైబ్రరీలో కూర్చుని ఒక డేటింగ్ ఆట చరిత్ర పట్టుకుంది. అరవయ్యో దశకం నడుమ అమెరికాలో నలుపు తెలుపుల్లో మొదలైన ఆట అది. అడ్డుగోడకి ఒక పక్క ఒక అమ్మాయి, రెండో పక్క స్టూళ్ల మీద ముగ్గురబ్బాయిలు. ఎవరికీ ఎవరి మొహమూ కనపడదు. అమ్మాయి ప్రశ్నలు వేస్తుంది, గొంతునీ జవాబునీ బట్టి ఒకణ్ని ఎంచుకుంటుంది. పేరు, వయసు, ఉద్యోగం, జీతం, ఈ నాలుగూ అడక్కూడదు. ధాత్రి అక్కడే పెన్ను కింద పెట్టేసి ఒంటరిగా నవ్వుకుంది. మనవాళ్ల పెళ్లిచూపుల్లో ఆ నాలుగే అడిగి మిగతాదంతా వదిలేస్తారు. వీళ్లు ఆ నాలుగూ వదిలేసి మిగతాదంతా అడిగారన్నమాట. పైగా గెలిచిన జంటని షికారుకి పంపేటప్పుడు ఒక పెద్దదిక్కుని తోడు పంపేవారట. అది చదివాక ఆమెకి అమెరికా మీద హఠాత్తుగా గౌరవం పుట్టుకొచ్చింది.

ఇంకో ముచ్చట కూడా దొరికింది. తొలి రోజుల్లో అబ్బాయిలు నోటికొచ్చిన బూతు జవాబులు చెప్పేవారట. అది ఆపలేక, ప్రభుత్వ అధికారి వేషంలో ఒక నటుణ్ని రప్పించి, షూటింగ్‌కి ముందు వాళ్లని హడలగొట్టించారట.

"మనకీ ఒక అధికారి కావాలె," అనుకుంది ధాత్రి.

దొరికారు. కోదండరామ్ గారు, తెనాలి మనిషి, హాలిఫాక్స్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరై, స్టూడెంట్లందరికీ అంకుల్‌గా స్థిరపడ్డారు. సంగతి చెప్పగానే ఆయన రిటైర్మెంట్ నాటి సూటు ఇస్త్రీ చేయించి, ఎక్కడినుంచో ఒక గంట కూడా సంపాదించారు.

"అమ్మాయ్, బెదిరించడమంటే ఎలా బెదిరించమంటావ్?" అని అడిగారాయన.

"అంకుల్, వర్క్ పర్మిట్ అన్న మాట ఒక్కటి అనుండ్రి. చాలు."

అసలు చిక్కు వేరే ఉంది. అమెరికా వాళ్లకైతే గొంతు దాచేందుకు గోడ చాలింది. మనవాళ్లకి గోడ ఏం సరిపోతుంది? నోరు తెరిస్తే జిల్లా, రెండో మాటకి మండలం బయటపడిపోతాయి. "ఏమప్పా" అనగానే కర్నూలు శ్రీహర్ష అని తెలిసిపోతుంది. "గిదేంది" అనగానే జనగామ కొమరయ్య. అందుకని ధాత్రి ఒక నియమం పెట్టింది. కర్టెన్ వెనక కూర్చున్నవాళ్లు వార్తల తెలుగే మాట్లాడాలి. పాతకాలం రేడియోలో వార్తలు చదివినట్టు, సర్కారు ప్రకటన ఇచ్చినట్టు మాట్లాడాలి. సొంత యాస ఒక్క ముక్క జారినా అంకుల్ గంట కొడతారు, ఒక పాయింటు పోతుంది.

ఎంచుకునే అమ్మాయిగా ధాత్రి రూమ్మేట్ కావ్యశ్రీ ఒప్పుకుంది. గుంటూరు పిల్ల, దేనికీ వెనకాడదు. ఒక్కటే షరతు పెట్టింది. "ఎవరెవరు ఆడుతున్నారో పేర్లు ముందే చెప్పాలి. ఏ నంబర్ ఎవరిదో చెప్పక్కర్లేదు." ఎందుకలా అని ధాత్రి అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ముగ్గురబ్బాయిల్లో ఇద్దరు కొమరయ్య, శ్రీహర్ష. మూడోవాడికి వాన్ అనే ఊళ్లో గోడౌన్ ఉద్యోగం దొరికిందట, ఆట ఇంకా మూడు రోజులుందనగా పెట్టె సర్దుకుని ఒంటారియో వెళ్లిపోయాడు. చేతిలో మిగిలింది ఒకే ఒక్కడు. మహీధర్.

ఇక్కడే ధాత్రి గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ధాత్రికి మహీధరంటే ఇష్టం. మామూలు ఇష్టం కాదు. అతను బస్సు దిగిపోయాక కూడా, పక్క సీటు ఖాళీ అయ్యాక కూడా ఆ సీటు వైపు తిరిగి కూర్చునేంత ఇష్టం. భీమవరం దగ్గరి కుర్రాడు, బారెడు మనిషి. ఎవరితో మాట్లాడినా "అండి" లేకుండా మాట పూర్తి చేయడు, మనసారా ఔననాలంటే వాళ్ల ఊరి "ఆయ్" అంటాడు. ఆమెని ఎనిమిది నెలలుగా "ధాత్రి గారు" అంటున్నాడు. బస్సు డ్రైవర్ని కూడా "డ్రైవర్ గారు" అంటాడు. మరి ఆ గారు లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? ఎవరినడుగుతుంది? సిగ్గు విడిచి తనే అడుగుదామని మూడుసార్లు అనుకుంది. మూడుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి వచ్చేసింది.

ఇప్పుడా మనిషినే తన చేతుల్తో తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాలి, కావ్యశ్రీ ముందు. గెలిచిన జంటకి బహుమతి ఏమిటంటే, ఫెర్రీ ఎక్కి హార్బర్ అవతల డార్ట్‌మత్‌లో ఇద్దరికి భోజనం. మహీధర్‌తో ఒక్క పూట భోంచేస్తే ఎవరికైనా నచ్చేస్తాడు. గిన్నె తను తోమి, చేయి తుడుచుకునే కాగితం ఎదుటివాళ్లకి ముందు అందించే రకం.

"వద్దంటే వద్దను మహీధర్. బలవంతం లేదు," అంది ధాత్రి, వద్దంటాడేమోనని లోలోపల ఆశపడుతూ.

"మీ మార్కుల విషయం కదండి. కూర్చుంటానండి," అన్నాడతను.

ఆ మర్యాదకి ఏడవాలో నవ్వాలో ఆమెకి అర్థం కాలేదు.

ఉగాదికి ముందు శనివారం, మధ్యాహ్నం రెండింటికి, కమ్యూనిటీ సెంటర్ హాల్లో తొంభై మంది చేరారు. బయట వానా మంచూ కలిసి కురుస్తున్నాయి. లోపల పులిహోర, గారెలు, తడిసిన బూట్ల వాసన. అడ్డుగోడకి డబ్బుల్లేక ధాత్రి షాపులో షవర్ కర్టెన్ కొని రెండు బ్యాడ్మింటన్ స్తంభాల మధ్య కట్టింది. దాని నిండా పసుప్పచ్చ బాతులు. మొదటి వరసలో ప్రొఫెసర్ మేడమ్ నోట్‌బుక్కూ గారె ప్లేటూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా అందరికంటే ముందే నవ్వడం మొదలుపెట్టింది. హోస్టుగా ఎంపికలో వేలు పెట్టనని, ఎవరికీ ఏ సూచనా ఇవ్వనని ధాత్రి సంతకం చేసిన ఎథిక్స్ ఫారం ఆ నోట్‌బుక్‌లోనే ఉంది.

ముందుగా కోదండరామ్ గారు సూట్లో కర్టెన్ వెనక్కి వెళ్లి ముగ్గురి ముందూ నిలబడ్డారు. "అసభ్యంగా మాట్లాడినవారి వివరాలు నమోదవుతాయి. వర్క్ పర్మిట్..." అని అక్కడ ఆపేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కొమరయ్య మొహం పాలిపోయింది. శ్రీహర్ష లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. రోజూ ఆయనింట్లో కాఫీ తాగే కుర్రాళ్లే ఇద్దరూ.

ఆట మొదలైంది. ధాత్రి మైకు పట్టుకుని కర్టెన్ అంచున నిలబడింది. అక్కడినుంచి ఆమెకి రెండు పక్కలా కనిపిస్తుంది. ఒకటో నంబర్ కొమరయ్య, రెండు శ్రీహర్ష, మూడు మహీధర్. అటు కావ్యశ్రీ కుర్చీలో కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చుంది.

"మొదటి ప్రశ్న. నేను అలిగితే ఏం చేస్తావ్? ఒకటో నంబర్!"

ఒకటో నంబర్ గొంతు సవరించుకున్నాడు. "తాము అలిగిన పక్షంలో, సంబంధిత వర్గాలతో చర్చలు జరిపి, సమస్యను సామరస్యంగా పరిష్కరించుటకు తగు చర్యలు చేపట్టబడును."

హాలు గొల్లుమంది. కొమరయ్య మూడు రోజులుగా ఫోన్లో పాత వార్తలు విని విని సాధన చేశాడని ధాత్రికి తెలుసు. ఎక్కడా జనగామ జాడే లేదు.

"రెండో నంబర్!"

"రాగల ఇరవై నాలుగు గంటలలో అలక తీవ్రరూపం దాల్చవచ్చును. అక్కడక్కడ ఉరుములతో కూడిన కన్నీరు పడే అవకాశము కలదు. మగవారు బయటకు వెళ్లరాదని హెచ్చరిక."

ఒకామె నవ్వలేక పులిహోర ప్లేటు పక్కామె చేతిలో పెట్టి వంగిపోయింది.

"మూడో నంబర్!"

మహీధర్ స్టూలు మీద చెమటలు కక్కుతున్నాడు. వార్తల తెలుగుకీ అతనికీ చుక్కెదురు. "అలిగినచో... భోజనము... వేడి వేడిగా... వడ్డింపబడును," అన్నాడు.

కావ్యశ్రీ పెదవి విరిచింది. ధాత్రికి ప్రాణం లేచొచ్చింది. ఇలాగే మాట్లాడు నాయనా, ఇంకా పాడుగా మాట్లాడు, అనుకుంది.

రెండో ప్రశ్న మంచు తుఫానులో బస్సు రాకపోతే స్టాపులో కాలం గడిచేలా ఏం చేస్తావని. కొమరయ్య రవాణా శాఖ తరఫున విచారం వ్యక్తం చేశాడు. శ్రీహర్ష క్రికెట్ స్కోరు చదవబోయి, నోరు జారి "ఏమప్పా" అనేశాడు. గంట ఠంగుమంది. కర్నూలు వాళ్లు ఈలలు వేశారు. రెండో నంబర్ ఎవరో బట్టబయలైపోయింది. మూడో నంబర్, "కోటు ఇవ్వబడును," అని మాత్రం అన్నాడు.

"ఆఖరి ప్రశ్న," అంది కావ్యశ్రీ. గొంతులో ఏదో తొందర. "నీకు కావాల్సిన అమ్మాయిలో అన్నిటికంటే ముందు ఏముండాలి?"

"విద్య, వినయము, మరియు స్థిరమైన ఇంటర్నెట్ సదుపాయము," అన్నాడు ఒకటో నంబర్.

"దయాగుణము. ముఖ్యంగా పరీక్షా ఫలితముల సమయమున," అన్నాడు రెండు.

మూడో నంబర్ ఆలోచించాడు. ఆలోచించే కొద్దీ వార్తలన్నీ తల్లోంచి జారిపోయాయి కాబోలు, గొంతు మామూలైపోయింది. "అందం ఎలా ఉన్నా... మనిషికి జర ఇగురం ఉండాలె," అన్నాడు.

హాలు రెండుగా చీలిపోయింది. కుడిపక్క కూర్చున్న కోస్తా వాళ్లు, "ఇగురా! రొయ్యలదా, చేపలదా?" అని పగలబడ్డారు. ఎడమపక్క తెలంగాణ బృందం కుర్చీలెక్కి, "మనోడే! మనోడే!" అని అరిచింది. ఇగురంటే అటువైపు దగ్గరికి వండిన కూర. ఇటువైపు ఇగురమంటే తెలివీ, పనితనమూ, లోకజ్ఞానమూ అన్నీ కలిపిన మాట. కోదండరామ్ గారు గంట ఎత్తి, కాసేపు ఆలోచించి దించేశారు. "వంటకం పేరు. క్షమించడమైనది," అని ప్రకటించారు.

ధాత్రి మాత్రం నవ్వడం మర్చిపోయింది.

ఆ మాట అతనిది కాదు, ఆమెది. జనవరిలో ఒకరోజు మహీధర్ బస్తా బియ్యం భుజానేసుకుని, గుడ్డ బూట్లతో మంచులో నడుచుకుంటూ స్టాపుకి వచ్చి, ఆమె కళ్లముందే జారి పడ్డాడు. బస్తా చిరిగి బియ్యం మంచులో కలిసిపోయాయి. ఏవి బియ్యమో ఏది మంచో తెలియక ఇద్దరూ ఏరుతుంటే ఆమెకి ఒళ్లు మండి, "మనిషివి గింత పెద్దగున్నవ్, జర ఇగురం ఉండాలె!" అని కసిరింది. అతను మంచులో కూర్చునే తలెత్తి, "రొయ్యలదా అండి?" అని అడిగాడు. ఆమె ఆరు స్టాపుల దూరం నవ్వుతూనే ఉంది. అప్పటినుంచి గ్లవుజులు మర్చిపోయినా, అసైన్‌మెంట్ ఆలస్యం చేసినా, అదే మాటతో చీవాట్లు పెట్టింది. అతను నవ్వేసేవాడు. వింటున్నాడో లేదో కూడా ఆమె పట్టించుకోలేదు.

విన్నాడు. వినడమే కాదు, "జర"తో సహా, చివరి "ఉండాలె"తో సహా ఆ మాట అతని నోట్లో ఇల్లు కట్టుకుంది. పైగా ఏ ప్రశ్నకి జవాబుగా వచ్చింది! ధాత్రి కర్టెన్ అంచు నుంచి అతని వైపు చూసింది. అతను అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, అందరూ ఎందుకు అరుస్తున్నారా అని దిక్కులు చూస్తున్నాడు. తనేమన్నాడో తనకే తెలియదు. ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ తొంభై మంది మధ్యా, ఆ బాతుల మధ్యా ఆనందంతో కళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే కావ్యశ్రీ ఆమె చేయి పట్టి కిందికి లాగింది. మైకు మూసి చెవిలో గుసగుసలాడింది. "దొరికాడే! మూడో నంబర్ కొమరయ్యే! ముగ్గుర్లో తెలంగాణ వాడు వాడొక్కడే కదా. వార్తలు చదివి చదివి ఆఖర్న దొరికిపోయాడు, పిచ్చిమొహం. నీకు చెప్పలేదు గానీ, నాకు వాడంటే సెప్టెంబర్ నుంచీ ఇష్టమే."

ధాత్రి నోరు తెరిచింది. మొదటి వరసలో ప్రొఫెసర్ మేడమ్ పెన్ను పట్టుకుని ఆసక్తిగా ఆమె నోటివైపే చూస్తోంది. ధాత్రి నోరు మూసుకుంది. సంతకం పెట్టిన చేయి మంటెత్తినట్టయింది.

"నా ఎంపిక," అని కావ్యశ్రీ లేచి నిలబడి, జడ వెనక్కి విసిరి, "మూడో నంబర్!" అని అరిచింది.

పాత ఆటలో ఓడినవాళ్లని ముందు చూపిస్తారు. ధాత్రి కూడా అదే పద్ధతి పాటించాలి. "ఒకటో నంబర్... జనగామ కొమరయ్య," అంది. కర్టెన్ పక్కనుంచి కొమరయ్య వచ్చి వార్తలు ముగించినట్టు నమస్కరించాడు.

కావ్యశ్రీ మొహంలో నవ్వు నిలువునా ఆగిపోయింది. "నువ్వు ఒకటేంటి?" అంది.

శ్రీహర్ష వచ్చినా ఎవరూ చూడలేదు. మూడో నంబర్ వచ్చాడు. బారెడు మనిషి, బాతుల కర్టెన్ తలకి తగలకుండా వంగి వచ్చి, "నమస్కారమండి," అన్నాడు.

కావ్యశ్రీ ధాత్రి చేతిలో మైకు లాక్కుంది. "మహీధర్! నీది భీమవరం. ఇగురం అన్న మాట నీ నోట్లోకెలా వచ్చింది? అది విని నువ్వు కొమరయ్యవనుకుని నేను..." అని సగంలో నాలిక కరుచుకుంది. కానీ మైకు ఆన్‌లోనే ఉంది.

హాలు పైకప్పు లేచిపోయింది. కొమరయ్య నోట్లోంచి వార్తల తెలుగు పూర్తిగా ఎగిరిపోయి, "ఏందీ? నన్నా? నిజంగనా?" అని బయటికొచ్చింది. అంకుల్ ఇంక పట్టలేక గంట వాయిస్తూనే ఉన్నారు. ప్రొఫెసర్ మేడమ్ పక్కవాణ్ని అనువాదం చెప్పమని గుంజుతోంది. వాడు నవ్వుతూ చెప్పలేకపోతున్నాడు.

"ముందు ఇది చెప్పు," అంది కావ్యశ్రీ ఎర్రబడిన మొహంతో, వదలకుండా. "ఎక్కడ నేర్చావ్ ఆ మాట?"

మహీధర్ బిక్కమొహం వేశాడు. "నేనన్నానా అండి? ఏమోనండి, నాకు తెలీకుండానే వచ్చేసింది. రోజూ వింటాను కదండి మరి..."

"ఎవరి దగ్గర?"

అతను ధాత్రి వైపు చూశాడు. చెవుల దగ్గర్నుంచి మెడదాకా ఎర్రగా కందిపోయాడు. తొంభై జతల కళ్లు అతని చూపు వెంటే నడిచివచ్చి ధాత్రి దగ్గర ఆగాయి. కావ్యశ్రీ మెల్లగా మైకు ఆమె చేతిలో పెట్టింది.

ధాత్రి జేబులో ముగింపు మాటలు రాసిన కాగితం ఉంది. విచ్చేసిన వారందరికీ కృతజ్ఞతలు, భోజనాలు అటుపక్క, బూట్లు సరిచూసుకోగలరు. ఆట అయిపోయింది, ఎంపిక అయిపోయింది, ఇంక ఎథిక్స్ ఫారం ఆమెని ఆపలేదు. ఆపగలిగేది సిగ్గొక్కటే. ఇప్పుడు నోరు మెదపకపోతే అతను మర్యాదగా కావ్యశ్రీని ఫెర్రీ ఎక్కిస్తాడు, మర్యాదగా తిరిగొస్తాడు, ఎల్లుండి బస్సులో మళ్లీ "ధాత్రి గారు, బాగున్నారా అండి" అంటాడు. ఆ గారు అలా ఎన్నేళ్లయినా నడుస్తుంది. ఆమెకి భయమేసింది. భయం కన్నా ఎక్కువగా సంతోషమేసింది.

"ఆ మాట నాది," అంది మైకులో.

"మహీధర్," అంది, ఈసారి మైకు దించేసి, అతనొక్కడికే చెబుతున్నట్టు. "మాటొక్కటే తీస్కపోతే ఎట్ల? మనిషిని గూడ తీస్కపో."

మహీధర్ గొంతు సవరించుకున్నాడు. మూడు రోజులు నేర్చుకున్న వార్తల తెలుగు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. ఆఖరికి రెండంగల్లో వచ్చి ఆమె ఎదుట నిలబడి, భీమవరం భీమవరమంతా గొంతులోకి తెచ్చుకుని, "ఆయ్!" అన్నాడు, మైకు లేకుండానే హాలు చివరిదాకా వినపడేలా.